ఇంపీచ్‌మెంట్ కోసం మన ఎంపీని అడగడం ఎలా: సిక్కోలు, విజయనగరం వాళ్ళకి

"ఫలానా పెద్దాయన్ని ఇంపీచ్ చేసి తీరాల్సిందే" అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టడానికి అర నిమిషం చాలు, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ అనేయడానికి అదీ అక్కర్లేదు. ఇంపీచ్ అంటే పార్లమెంటు ఓటేసి ఆయన్ని పదవిలోంచి దింపడం, ఆ మాట పార్లమెంటులో కాగితం మీదకి ఎక్కాలంటే ఏటి చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పడేస్తే ఢిల్లీ వరకూ అదే వెళ్ళిపోద్ది అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు మనలో. వెళ్ళదండీ, అది పింఛన్లకి, పాస్‌బుక్కులకి పనికొచ్చే తలుపు.

ముందే ఒక మాట. ఎంపీ దగ్గరికెళ్ళి "న్యాయం చెయ్యండి సార్" అని అడక్కండి. "ఈ నోటీసు మీద సంతకం పెట్టండి" అని అడగండి. తొలగింపు తీర్మానం పెట్టాలని ఎంపీలు సంతకాలు చేసి సభకిచ్చే కాగితమే నోటీసు. న్యాయం చేస్తామని ఎవరైనా అంటారు, దానికి ఖర్చు లేదు. సంతకం అనేసరికి పెట్టాడా లేదా అన్నది అందరికీ తెలిసిపోద్ది, అక్కడే అసలు సంగతి ఉంది.

ఆ పదవికి అసలు ఇంపీచ్‌మెంట్ ఉందా?

సగం అర్జీలు ఇక్కడే దండగైపోతాయి. రాష్ట్రపతికి ఉంది, రాజ్యాంగం 61వ ఆర్టికల్, రాజ్యాంగాన్ని ఉల్లంఘించారన్న ఒక్క కారణం మీదే. సుప్రీంకోర్టు జడ్జిలకి 124(4) కింద, హైకోర్టు జడ్జిలకి కూడా అదే పద్ధతి, కారణం రుజువైన దుష్ప్రవర్తన గానీ పనిచేసే శక్తి లేకపోవడం గానీ అయ్యుండాలి. ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్‌కీ, ప్రధాన ఎన్నికల కమిషనర్‌కీ సుప్రీంకోర్టు జడ్జిని తీసే పద్ధతే. ఉపరాష్ట్రపతి సంగతి వేరు, పద్నాలుగు రోజుల ముందు నోటీసిచ్చి రాజ్యసభలో తీర్మానం పెట్టాలి, దానికి లోక్‌సభ ఒప్పుకోవాలి.

గవర్నర్‌కి లేదు. రాష్ట్రపతి ఉంచినన్నాళ్ళు ఉంటారు, అంతే. మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు 2025లో గోవా గవర్నర్‌గా వెళ్ళారు కదా, ఏ గవర్నర్ మీదైనా కంప్లైంట్ ఉంటే అది రాష్ట్రపతి భవన్‌కి రాసుకోవాల్సిందే, ఎంపీలు ఓటేసి దింపలేరు. ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి, మంత్రులకీ ఇంపీచ్‌మెంట్ లేదు, వాళ్ళకుండేది అవిశ్వాస తీర్మానం, దానికి కారణం రుజువు చెయ్యక్కర్లేదు, సభలో బలం లేకపోతే చాలు. కలెక్టర్, ఎస్పీ, ఆర్డీవో లాంటి వాళ్ళంతా సర్వీస్ రూల్స్ కిందకొస్తారు, వాళ్ళ మీద అయితే విజిలెన్సో, ఏసీబీయో, లోకాయుక్తో చూసుకోండి. ఎమ్మార్వోని ఇంపీచ్ చెయ్యమని ఎంపీకి రాస్తే పీఏ నవ్వి పక్కన పెడతాడు, అందులో ఆయన తప్పేం లేదు.

లెక్క తెలుసుకోండి, లేకపోతే మాయచేసేస్తారు

జడ్జిని తీసెయ్యాలంటే ముందు నోటీసు మీద లోక్‌సభలో అయితే కనీసం 100 మంది ఎంపీలు, రాజ్యసభలో అయితే 50 మంది సంతకాలు పెట్టాలి. ఇది 1968 నాటి జడ్జిల విచారణ చట్టం. అది తీసుకెళ్ళి లోక్‌సభలో స్పీకర్‌కి, రాజ్యసభలో చైర్మన్‌కి ఇస్తారు, వాళ్ళు ఒప్పుకోవచ్చు తిప్పికొట్టొచ్చు, ఎన్నాళ్ళలో తేల్చాలన్న గడువు ఆ చట్టంలో లేదు. ఒప్పుకుంటే ముగ్గురితో కమిటీ వేస్తారు, ఒక సుప్రీంకోర్టు జడ్జి, ఒక హైకోర్టు చీఫ్ జస్టిస్, ఒక పేరున్న న్యాయ నిపుణుడు. కమిటీ తప్పు రుజువైందంటేనే ఓటింగ్ దాకా వస్తుంది. ఓటింగ్‌లో కూడా రెండు గీతలు దాటాలి, సభ మొత్తం సభ్యుల్లో సగం పైన, ఆ రోజు వచ్చి ఓటేసిన వాళ్ళలో మూడింట రెండొంతులు, అది కూడా రెండు సభల్లోనూ ఒకే సెషన్‌లో.

రాష్ట్రపతి విషయంలో ఇంకా గట్టి. ఒక సభలో నాలుగో వంతు సభ్యులు సంతకం చేసి 14 రోజుల ముందు నోటీసివ్వాలి, మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓట్లతో పాసవ్వాలి, తర్వాత రెండో సభ విచారించి అంతే మెజారిటీతో మళ్ళీ పాస్ చెయ్యాలి. 543 మంది లోక్‌సభలో లెక్కేస్తే సంతకాలు 136, ఓట్లు 362. ఇప్పటిదాకా ఏ రాష్ట్రపతినీ అలా దింపలేదు. 1952లో మన పాతపట్నం సీటు నుంచి లోక్‌సభకి గెలిచి తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారిని కూడా కలుపుకుని ఎవరి మీదా ఆ స్థాయికి వెళ్ళలేదు.

ఆంధ్రా నుంచి లోక్‌సభకి 25 మంది, రాజ్యసభకి 11 మంది. అంటే మన రాష్ట్రం ఎంపీలందరూ పార్టీలు మర్చిపోయి సంతకం పెట్టినా 100 అవ్వదు. కాబట్టి మన ఎంపీ ఒక్కడే దేశాన్ని మార్చెయ్యాలని గుమ్మం దగ్గర ధర్నా చెయ్యడం కాదు, మిగతా 75 ఎక్కడినుంచి వస్తాయో కూడా ఆలోచించాలి. దీనికి మన దగ్గర ఒక ఉపాయం ఉంది, కింద చెప్తాను.

మీ ఎంపీ ఎవరు?

ఇదేం ప్రశ్న అనకండి, జిల్లాలు చీల్చాక చాలామంది తికమక పడుతున్నారు. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వాళ్ళది శ్రీకాకుళం ఎంపీ సీటు. ఎచ్చెర్ల వాళ్ళు జిల్లా శ్రీకాకుళం అయినా ఓటు విజయనగరం ఎంపీ సీటుకి, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం కూడా అందులోనే. ఎస్.కోట వాళ్ళు విజయనగరం జిల్లాలో ఉంటూ విశాఖ ఎంపీకి ఓటేస్తారు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు అరకు సీటు కిందకొస్తాయి. అర్జీ మొదటి లైన్లోనే "నేను మీ ఓటర్ని" అని ఉండాలి, అది అబద్ధమైతే మిగతా పేజీ ఎవరూ చదవరు.

2024లో గెలిచిన మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు కేంద్రంలో విమానయాన శాఖ మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వెయ్యరు, ప్రభుత్వంలో కూర్చున్నారు కాబట్టి సొంతంగా ఒక నోటీసు మీద సంతకం పెట్టడం కూడా కష్టం. అలాంటప్పుడు మంత్రిని సంతకం అడిగి కాదనిపించుకునే బదులు, తీర్మానం వస్తే ఓటు ఎటువేస్తారో అడగండి, పార్టీ పార్లమెంటరీ మీటింగ్‌లో ఈ మాట ఎత్తమని అడగండి, సంతకం మటుకు విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారి లాంటి మంత్రి కాని వాళ్ళని, రాజ్యసభ వాళ్ళని అడగండి. రాజ్యసభ ఎంపీలు మొత్తం రాష్ట్రానికి, ఏ ఊరి నుంచైనా రాయొచ్చు, మనోళ్ళు వాళ్ళని అసలు పట్టించుకోరు గానీ 50 సంతకాల లెక్క అక్కడే తొందరగా తేలుతుంది.

ఇంకోటి, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీకి ఇంపీచ్‌మెంట్‌లో ఓటు లేదు. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళడం వేస్ట్ అనను, ఎంపీకి ఫోన్ చేసి "వీళ్ళు మనోళ్ళే, ఒక ఐదు నిమిషాలు టైమివ్వు" అని చెప్పించుకోడానికి బాగా పనికొస్తాడు. అంతవరకే.

కాగితాలు పోగెయ్యడం

ఇదే పెద్ద పని, ఇక్కడ తొందరపడకండి. 2018లో అప్పటి చీఫ్ జస్టిస్ దీపక్ మిశ్రా మీద రాజ్యసభలో నోటీసిచ్చారు, సంతకాలు సరిపోయాయి, అయినా రాజ్యసభ చైర్మన్‌గా ఉన్న మన వెంకయ్యనాయుడు గారు ఏప్రిల్ 23న తిరస్కరించారు. ఆ ఆర్డర్‌లో ఆయన చూపించిన కారణాల్లో ఒకటి ఏటంటే, నోటీసులో రాసినోళ్ళకే నమ్మకం లేనట్టు "అయ్యుండొచ్చు", "అనిపిస్తోంది" అన్న తరహా మాటలున్నాయని. ఆ ఆర్డర్ కరెక్టా కాదా అని ఇప్పటికీ లాయర్లు కొట్టుకుంటారు, నాకైతే విచారణకి పంపి ఉంటే బాగుండేదనిపిస్తుంది, కానీ అర్జీ రాసేవాడికి పాఠం క్లియర్‌గా ఉంది కదా: అనుమానాన్ని అనుమానంగా రాస్తే అది తిప్పికొట్టడానికి వాళ్ళ చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

1990ల్లో జస్టిస్ రామస్వామి కేసు చూడండి. పంజాబ్ హర్యానా హైకోర్టు చీఫ్‌గా ఉన్నప్పుడు బంగ్లాకి ఫర్నిచర్, సామాన్లు కొన్న ఖర్చుల గొడవ అది. ఎవరో తిట్టారని కాదు, ఆడిట్‌లో బయటపడ్డ లెక్కలు, బిల్లులు ఉన్నాయి కాబట్టి అది విచారణ కమిటీ దాకా వెళ్ళింది, జస్టిస్ సావంత్ కమిటీ చాలా ఆరోపణలు రుజువయ్యాయని కూడా చెప్పింది. కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ కేసులోనూ అంతే, కోర్టు రిసీవర్‌గా, అంటే గొడవలో ఉన్న ఆస్తిని కోర్టు తరఫున చూసుకునేవాడిగా ఉన్నప్పుడు తన చేతికొచ్చిన సుమారు 33 లక్షల డబ్బు సంగతి, బ్యాంకు లెక్కలే మాట్లాడాయి.

కాబట్టి మీ ఫైల్లో ఉండాల్సినవి: కాగ్ రిపోర్టు పేజీలు, కోర్టు ఆర్డర్ల కాపీలు, గెజిట్, పార్లమెంటులో మంత్రి ఇచ్చిన జవాబు, ఆర్టీఐలో వచ్చిన సమాధానం. ఆర్టీఐకి పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పేపర్ కటింగులు పెట్టొచ్చు గానీ వాటిని రుజువు అనుకోకండి, అవి ఎక్కడ వెతకాలో చెప్పే దారి మాత్రమే. యూట్యూబ్ లింకులు అసలొద్దు.

జడ్జిల విషయంలో ఇంకో జాగ్రత్త, ఇది సీరియస్‌గా చదవండి. జడ్జి ప్రవర్తన మీద పార్లమెంటులోనే తొలగింపు తీర్మానం ఉంటే తప్ప చర్చ చెయ్యకూడదని 121వ ఆర్టికల్ చెప్తుంది. బయట మనం నోటికొచ్చినట్టు రాస్తే 1971 కోర్టు ధిక్కార చట్టం ఉంది, పరువు నష్టం కేసు వేరే. తీర్పు నచ్చలేదని ఇంపీచ్‌మెంట్ అడగొద్దు, తీర్పు తప్పైతే అప్పీలుకెళ్ళాలి, దుష్ప్రవర్తన వేరు. "అమ్ముడుపోయాడు" లాంటి మాటలు రాయొద్దు, "ఫలానా రిపోర్టు ఫలానా పేజీలో ఇలా ఉంది" అని రాయండి చాలు. దాంతోపాటే సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌కో, ఆ హైకోర్టు చీఫ్ జస్టిస్‌కో కంప్లైంట్ పంపి దాని రశీదు జతచెయ్యండి, జడ్జిల మీద లోపలే విచారించుకునే పద్ధతి ఒకటి వాళ్ళకుంది.

అర్జీ ఎలా ఉండాలి

ఒక్క పేజీ. రెండో పేజీకి వెళ్ళిందంటే కొట్టేసి మళ్ళీ రాయండి. మనోళ్ళు "ఎంతో ఆశతో తమరి పాదపద్మములకు" అని మొదలుపెట్టి సగం పేజీ పొగడ్తలకే ఖర్చు చేస్తారు. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ఎంపీ గారికి. నేను మీ నియోజకవర్గంలో ఫలానా మండలం ఫలానా గ్రామం ఓటర్ని. విషయం: ఫలానా పదవిలో ఉన్న వారి తొలగింపు తీర్మానం నోటీసు మీద సంతకం చెయ్యమని వినతి. ఫలానా తేదీ ఆడిట్ రిపోర్టు ఫలానా పేజీలో ఈ ఖర్చుకి బిల్లులు లేవని ఉంది, కాపీ జత 1. ఫలానా తేదీ కోర్టు ఆర్డర్‌లో ఇదే విషయం ఉంది, కాపీ జత 2. వివరణ అడిగితే ఇప్పటివరకు రాలేదు, ఆర్టీఐ జవాబు జత 3. ఇది రాజ్యాంగం ఫలానా ఆర్టికల్ కిందకి వస్తుంది. నేను అడిగేది ఒక్కటే, నోటీసు మీ దగ్గరికి వచ్చినప్పుడు సంతకం చెయ్యండి, చెయ్యలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి."

ఆఖరి లైను మాత్రం వదలకండి. కారణం రాసివ్వమంటే పీఏ కూడా ఒకసారి పైకి చూస్తాడు.

తెలుగులోనే రాయండి, సిగ్గుపడక్కర్లేదు, ఎంపీకి తెలుగొచ్చు. కానీ ఢిల్లీ ఆఫీసులో ఫైల్ చూసేవాళ్ళకి రాకపోవచ్చు, అందుకని ఇంగ్లీషు కాపీ ఒకటి వెనకాల పిన్ చెయ్యండి. లోక్‌సభ పిటిషన్ల కమిటీకి ఎంపీ ద్వారా పిటిషన్ పెట్టించే దారి కూడా ఉంది, దానికైతే రూలే ఉంది, హిందీ గానీ ఇంగ్లీషు గానీ కాకుండా వేరే భాషలో ఉంటే అనువాదం పెట్టి దాని మీద కూడా సంతకం చెయ్యాలి, భాష మర్యాదగా ఉండాలి.

ఇవ్వడం, తర్వాత వెంటపడటం

పార్లమెంటు సాధారణంగా ఏడాదికి మూడుసార్లు కూర్చుంటుంది, జనవరి ఆఖరు నుంచి బడ్జెట్ సెషన్, జులై ప్రాంతంలో వర్షాకాలం, నవంబరు డిసెంబరుల్లో శీతాకాలం. సెషన్ మొదలయ్యే రెండు మూడు వారాల ముందు కలవండి. సెషన్ జరుగుతుంటే శనాదివారాలు ఊళ్ళో ఉంటారు గానీ పెళ్ళిళ్ళు, పరామర్శలు, ఓపెనింగులు, మీ ముఖం గుర్తుండదు. సిరిమానోత్సవం రోజునో, రథసప్తమికి అరసవల్లిలోనో జనంలో తోసుకెళ్ళి చేతిలో కాగితం పెట్టేవాళ్ళున్నారు, ఫొటో వస్తుంది, కాగితం గన్‌మెన్ జేబులోకి పోద్ది.

క్యాంపు ఆఫీసుకి వెళ్ళండి, పది మంది కంటే ఎక్కువ వద్దు. ఎవరెవరు ఉండాలో చూసుకోండి: ఒక రిటైర్డ్ టీచరు, ఒక లాయరు, డ్వాక్రా గ్రూపు నుంచి ఒకామె, వేరే పార్టీ జెండా మోసేవాడు కూడా ఒకడు. ఒకే పార్టీ వాళ్ళే వెళ్తే అది పార్టీ గొడవ అనుకుంటారు, అంతే. రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి, స్టాంపు లేదంటే పీఏ సంతకం అయినా. నోటి మాట వద్దు. అదే రోజు ఢిల్లీ అడ్రస్‌కి కూడా పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టుని 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో స్పీడ్ పోస్ట్ అని అడగండి, ట్రాకింగ్ నంబర్ దాచుకోండి. ఎంపీల ఢిల్లీ అడ్రస్, మెయిల్ పార్లమెంటు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

ఇప్పుడు ఆ ఉపాయం. మన జిల్లాల నుంచి బయటికెళ్ళని ఇల్లు లేదు కదా, హైదరాబాద్, చెన్నై, ముంబై, వేటకెళ్ళినోళ్ళు గుజరాత్ దాకా. ఇచ్ఛాపురం వాళ్ళకి బరంపురంలో అక్కచెల్లెళ్ళుంటారు, పాతపట్నం వాళ్ళకి పర్లాకిమిడిలో అల్లుళ్ళుంటారు. వాళ్ళలో అక్కడే ఓటు ఉన్నవాళ్ళు అదే ఒక్క పేజీని, అవే జతలతో, వాళ్ళ ఎంపీకి ఇవ్వాలి. ఓటు ఇంకా ఊళ్ళోనే ఉన్నవాళ్ళు మన ఎంపీకే పంపాలి, అక్కడి ఎంపీకి ఓటరు కాదని తెలిస్తే పట్టించుకోరు. ఊరి వాట్సాప్ గ్రూపుని దీనికి వాడండి, గుడ్ మార్నింగ్‌లకి కాదు.

సంతకం పెట్టాక పని అయిపోయిందనుకోకండి, ఇక్కడే చాలా నోటీసులు చస్తాయి. మన ఉమ్మడి హైకోర్టు జడ్జి ఒకాయన మీద 2016లో రాజ్యసభలో నోటీసిస్తే, తర్వాత కొందరు ఎంపీలు సంతకాలు వెనక్కి తీసుకున్నారు, 50 కంటే తగ్గిపోయింది, అక్కడితో ఆగింది. 2017లో మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ అదే జరిగింది. అందుకని సంతకం పెట్టిన వారంలోనే వెళ్ళి థాంక్స్ చెప్పండి, లోకల్ పేపర్ జిల్లా ఎడిషన్‌లో వార్త వేయించండి, శాలువా కప్పినా తప్పులేదు. నలుగురికీ తెలిసిన సంతకాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం.

ఓటింగ్ రోజు ఎటూ వెయ్యకపోవడం కూడా ఓటే, ఇది మర్చిపోవద్దు. 1993 మే 11న రామస్వామి తీర్మానానికి లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ వెయ్యలేదు, అయినా ఓడిపోయింది, ఎందుకంటే 205 మంది సభలో కూర్చుని ఎటూ వెయ్యలేదు. కాబట్టి ఎంపీని "వ్యతిరేకంగా వెయ్యరు కదా" అని అడిగి సంతోషపడకండి, "ఆ రోజు సభలో ఉండి అనుకూలంగా వేస్తారా" అని అడగండి.

నిజం చెప్పాలంటే మన దేశంలో ఇప్పటిదాకా ఏ జడ్జినీ రెండు సభలూ ఓటేసి పూర్తిగా తీసేసిన కేసు లేదు. సౌమిత్ర సేన్ మీద తీర్మానాన్ని సీతారాం ఏచూరి ప్రవేశపెట్టారు, 2011 ఆగస్టులో రాజ్యసభలో 189 ఓట్లతో పాసైంది, లోక్‌సభకి వెళ్ళేలోపు ఆయన రాజీనామా చేసేశారు. అదే ఏడాది జస్టిస్ దినకరన్ కూడా విచారణ నడుస్తుండగా రాజీనామా చేశారు. 2015లో గుజరాత్‌లో ఒక జడ్జి రిజర్వేషన్ల మీద తీర్పులో రాసిన మాటల మీద 58 మంది రాజ్యసభ ఎంపీలు నోటీసిస్తే ఆ మాటలు తీర్పులోంచి తీసేశారు. ఇంకోవైపు మధ్యప్రదేశ్ హైకోర్టు జడ్జి ఒకాయన మీద కమిటీ పూర్తిగా విచారించి ఆరోపణలు రుజువు కాలేదని 2017లో చెప్పింది, అదీ ఈ పద్ధతి చేసే పనే, మనకి నచ్చినా నచ్చకపోయినా. 2025లో జస్టిస్ యశ్వంత్ వర్మ ఇంట్లో కాలిన నోట్ల ఆరోపణ మీద 146 మంది లోక్‌సభ ఎంపీలు సంతకం చేశారు, అధికార పక్షం ప్రతిపక్షం రెండూ, ఆగస్టు 12న స్పీకర్ కమిటీ వేశారు. రెండు పక్కలా సంతకాలున్నప్పుడు ఎంత తొందరగా కదులుతుందో చూశారు కదా, వేరే పార్టీ వాడిని కూడా వెంట తీసుకెళ్ళమన్నది అందుకే.

ఎన్నికలు మధ్యలో వచ్చేస్తే ఏటి అని అడుగుతారు. రామస్వామి మీద నోటీసిచ్చింది తొమ్మిదో లోక్‌సభలో, 1991లో అది రద్దైపోతే తీర్మానం కూడా పోయిందని ప్రభుత్వం వాదించింది, సుప్రీంకోర్టు పోలేదంది. కాబట్టి ఫైల్ అటకెక్కించకండి. కొత్త ఎంపీ గెలిచి దండలు వాడకముందే, పాత ఎంపీ ఆఫీసు వేసిన స్టాంపు కాపీ జెరాక్స్ తీసి, కొత్త తేదీతో అదే ఒక్క పేజీ మళ్ళీ ఇవ్వండి, దాని మీద కూడా స్టాంపు వేయించుకోండి.